ఉక్రెయిన్ నిలబడింది సొంత వ్యూహంతోనా, పరాయి సాయంతోనా?

"పాశ్చాత్య దేశాలు ఆయుధాలు పంపకపోతే ఉక్రెయిన్ ఒక్క నెల కూడా నిలిచేది కాదు, అలాంటప్పుడు దాని సేనానుల వ్యూహాన్ని పొగడటంలో అర్థం ఏముంది, రేపు ఆ సాయం ఆగిపోతే ఏమవుతుంది" అని మీరు అడిగారు. నేను భారత సైన్యంలోని ఆర్టిలరీ విభాగంలో 24 ఏళ్లు పనిచేసి 2018లో సుబేదారుగా పదవీ విరమణ చేశాను. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందాను, 1999లో ద్రాస్ ప్రాంతంలో బోఫోర్స్ తోపు దగ్గర పనిచేశాను. ఉక్రెయిన్ నేలను నేను చూడలేదు. అయినా ఆ యుద్ధం ఎక్కువ భాగం తోపులతోనూ గుండ్లతోనూ సాగింది కాబట్టి, నాకు తెలిసిన పని కోణంలోంచి జవాబు చెబుతాను.

కార్గిల్‌లో మన సైన్యం సుమారు 2,50,000 గుండ్లు, రాకెట్లు పేల్చిందని చెబుతారు. వినడానికి అది పెద్ద సంఖ్యే కానీ, తోపు దగ్గర నిలబడినవాడికి అందులో రోజూ తన వంతుకు వచ్చేది ఎంత అన్నదే లెక్క. ఒక రాత్రి ఎదుటి శిఖరం కిందికి చేరిన పదాతిదళం వాళ్లు రేడియోలో ఇంకొన్ని రౌండ్లు వేయమని అడుగుతూనే ఉన్నారు. మా అధికారి మాత్రం ఆ రోజు కేటాయింపు అయిపోయిందనీ, మిగిలినవి తెల్లవారుజామున జరగబోయే దాడికి ఉంచాలనీ చెప్పి తోపులను ఆపించారు. ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి సైన్యాధిపతి వి.పి. మాలిక్ మన దగ్గర ఉన్నదానితోనే పోరాడతామని బహిరంగంగా అన్నది ఆ రోజుల్లోనే, ఇజ్రాయెల్ మనకు మోర్టార్ గుండ్లు అందించిందీ ఆ రోజుల్లోనే. సేనాని పటం ముందు కూర్చుని పథకం గీస్తాడని బయటివాళ్లు అనుకుంటారు కానీ, నిజానికి ఆయన ముందు విప్పేది మందుగుండు నిల్వల చిట్టా. ఆ చిట్టాలో అంకెలు వేసేది వేరే దేశపు చట్టసభ అయినప్పుడు ఏమవుతుందన్నదే ఉక్రెయిన్ కథ.

ముందుగా మీ ప్రశ్నలో ఒక పొరపాటును సరిచేయాలి. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు, ఆ మొదటి నెలలో, ఉక్రెయిన్ నిలబడింది ప్రధానంగా తన సొంత బలంతోనే. కీవ్ పక్కనున్న హోస్టోమెల్ విమానాశ్రయంలో రష్యా హెలికాప్టర్లతో సైనికులను దింపింది కానీ, ఉక్రెయిన్ దళాలు తోపులతో రన్‌వేను దెబ్బతీసి, వెనుక రావలసిన పెద్ద విమానాలు దిగకుండా చేశాయి. ఇర్పిన్ నది మీది ఆనకట్టను తెరిచి పొలాలను ముంచి శత్రువు దారిని బురద చేశారు. ఉత్తరాన 60 కిలోమీటర్లకు పైగా బారులు తీరిన రష్యా వాహనాలు ఇంధనం అందక, రోడ్డు దిగలేక రోజుల తరబడి నిలిచిపోయాయి. పాశ్చాత్య దేశాలు ఇచ్చిన, భుజం మీద నుంచి ట్యాంకుల మీదికి ప్రయోగించే జావెలిన్, ఎన్‌లా క్షిపణులకు ఆ రోజుల్లో పత్రికలు హారతులు పట్టాయి. అవి పనికొచ్చిన మాట నిజమే కానీ, సోవియట్ కాలం నాటి 152, 122 మిల్లీమీటర్ల తోపులు చేసిన పనికి తగిన పేరు రాలేదని ఒక తోపువాడిగా నా ఫిర్యాదు.

ఆ తోపులకు కావలసిన గుండ్లు వేసవి వచ్చేసరికి అడుగంటాయి. వాటిని పెద్ద ఎత్తున తయారు చేసే దేశం రష్యాయే. అందువల్ల ఉక్రెయిన్ యుద్ధం మధ్యలోనే పాశ్చాత్య దేశాల 155 మిల్లీమీటర్ల తోపులకు మారవలసి వచ్చింది. ఈ మార్పు ఎంత కష్టమో బయట ఎవరూ సరిగా చెప్పలేదు. అమెరికా ఎం777, ఫ్రాన్స్ సీజర్, జర్మనీ పీజెడ్‌హెచ్ 2000, పోలండ్ క్రాబ్, బ్రిటన్ ఏఎస్-90, ఇవన్నీ 155 తోపులే అయినా, ఒకదాని విడిభాగం ఇంకొకదానికి పట్టదు, కొన్ని దేశాల గుండ్లు, వాటిని తోపులోంచి నెట్టే మందు సంచులు కొన్ని తోపులకు సరిపడవు, ప్రతి జతకూ గురి లెక్కలు విడిగా చూసుకోవాలి. మాకు ఒక్క బోఫోర్స్ మీద చేయి తిరగడానికే నెలలు పట్టింది. వాళ్లు బాంబుల కింద కూర్చుని ఐదారు రకాలను వారాల్లో నేర్చుకున్నారు. ఇచ్చిన దేశాల సంఖ్యను చూసి మురిసిపోయేవారు, పుచ్చుకున్న రెజిమెంట్ మెకానిక్‌ను కూడా ఒకసారి తలుచుకోవాలి.

పరాయి సాయమూ సొంత వ్యూహమూ చక్కగా అతికిన సందర్భం ఒకటి ఉంది. 2022 జూన్‌లో అమెరికా హైమార్స్ రాకెట్ వాహనాలు వచ్చాయి. సంఖ్యలో కొన్నే అయినా, సుమారు 80 కిలోమీటర్ల దూరాన్ని కచ్చితంగా కొట్టగలవు. ఉక్రెయిన్ వాటిని ముందు వరస కందకాల మీద వృథా చేయలేదు. వెనుకనున్న రష్యా మందుగుండు గిడ్డంగులను, ఆదేశ కేంద్రాలను, ఖేర్సన్ దగ్గర నీప్రో నది మీది ఆంటోనివ్కా వంతెనను ఏరి ఏరి కొట్టింది. ఖేర్సన్ మీద దాడి చేస్తామని అందరికీ వినపడేలా చెప్పడంతో రష్యా తన మంచి దళాలను అటు తరలించింది. సెప్టెంబరులో అసలు దెబ్బ ఈశాన్యాన, ఖార్కివ్ ప్రాంతంలో పడింది. బలాక్లియా, కుప్యాన్స్క్, ఇజ్యూమ్ రోజుల వ్యవధిలో చేతికి వచ్చాయి. నదికి ఆవలి ఒడ్డున సరఫరా తెగిన రష్యా సైన్యం నవంబరులో ఖేర్సన్ నగరాన్ని కూడా వదిలిపోయింది. ఆ రాకెట్లు అమెరికావి, దాడుల కోసం అమెరికా నుంచి నిఘా సమాచారమూ అందింది. అయినా ఎప్పుడు ఎక్కడ కొట్టాలన్న తెగువ మాత్రం ఉక్రెయిన్ సేనానులదే.

ఆ వెంటనే మరో దెబ్బ కొట్టడానికి కావలసిన ట్యాంకులు వాళ్ల దగ్గర లేవు. జర్మనీ తయారీ లెపర్డ్ ట్యాంకులు ఇవ్వాలా వద్దా అన్న చర్చ బెర్లిన్‌లో నెలల తరబడి సాగి, 2023 జనవరి 25న తేలింది. ఆ చలికాలమంతా రష్యా ఊరుకోలేదు. సెప్టెంబరులోనే మూడు లక్షల మందిని సైన్యంలోకి పిలిచింది, జపోరిజ్జియా దక్షిణాన కందకాలు, కాంక్రీటు అడ్డంకులు, కిలోమీటర్ల వెడల్పున మందుపాతరలు పరిచింది. జూన్‌లో ఉక్రెయిన్ ప్రతిదాడి మొదలుపెట్టేసరికి, ఆరు నెలల ముందు తెరిచి ఉన్న తలుపు గోడగా మారింది. పైన విమానాల రక్షణ లేకుండా, కింద పాతరలు తీసే యంత్రాలు చాలినన్ని లేకుండా, జర్మనీలో కొన్ని వారాల శిక్షణ పొందిన కొత్త బ్రిగేడ్లను అటువంటి గోడ మీదికి పంపారు. ఎంతో నష్టపోయి చేరింది రొబోటినే అనే చిన్న ఊరి దాకా. తప్పు మొత్తాన్ని దాతల మీదికి నెట్టడం కూడా న్యాయం కాదు. ఒకే చోట బలమంతా మోహరించమని అమెరికన్లు చెబితే, ఉక్రెయిన్ తన అనుభవజ్ఞులైన దళాలను తూర్పున బఖ్ముత్ దగ్గరా, మిగిలినవాటిని మరో రెండు దిక్కులా పంచింది. దాడి చేయకుండా ఒక ఏడాది ఆగడం సైనికంగా మేలై ఉండవచ్చు. కానీ ఫలితం చూపకపోతే వచ్చే ఏడాది ఆయుధాలు రావన్న భయం జెలెన్‌స్కీ ప్రభుత్వానికి ఉండింది. దాడి తేదీని అప్పు ఇచ్చినవాడి ఓపిక నిర్ణయించిన యుద్ధం అది.

ఆ భయం ఉత్తది కాదని కొద్ది నెలలకే తేలింది. 2023 చివరి నుంచి అమెరికా కాంగ్రెస్‌లో సాయం బిల్లు ఆగిపోయింది. పది లక్షల గుండ్లు 2024 మార్చిలోగా ఇస్తామన్న యూరోపియన్ యూనియన్ అందులో దాదాపు సగమే ఇవ్వగలిగింది. యుద్ధానికి ముందు అమెరికా నెలకు తయారు చేసే 155 గుండ్లు సుమారు 14,000 మాత్రమే. కార్ఖానాలను పెంచడం డబ్బు మంజూరు చేసినంత సులువు కాదు. 2024 ఫిబ్రవరి 17న తూర్పున అవ్దీవ్కా పట్టణం రష్యా చేతికి పోయింది. రష్యా ఐదు గుండ్లు వేస్తే ఉక్రెయిన్ ఒకటి వేస్తున్నదని నాటో సేనాధిపతి కవోలీ ఆ ఏప్రిల్‌లో అమెరికా చట్టసభకు చెప్పినప్పుడు, నాకు ద్రాస్‌లో రేడియో పక్కన కూర్చున్న ఆ రాత్రి గుర్తొచ్చింది. మాకు అది ఒక్క రాత్రి, వాళ్లకు ఆరు నెలలు. బిల్లు మీద సంతకం పడింది ఏప్రిల్ 24న.

ఇంత ఆచితూచి ఇవ్వడానికి కారణం పిసినారితనం ఒక్కటే కాదు. అణ్వాయుధాలున్న దేశాన్ని మూలకు నెడితే ఏం చేస్తుందోనన్న జంకు వాషింగ్టన్‌లోనూ బెర్లిన్‌లోనూ మొదటి నుంచీ ఉంది. అందుకే ముందు ఇవ్వబోమన్నదాన్నే ఏడాది తరువాత ఇవ్వడం ఒక పద్ధతిగా మారింది. ఎఫ్-16 విమానాలు 2024 వేసవికి గానీ రాలేదు, అమెరికా ఇచ్చిన దూరశ్రేణి క్షిపణులను రష్యా లోపలికి వాడే అనుమతి ఆ ఏడాది నవంబరుకు గానీ రాలేదు. ప్రతిసారీ ఎదుటివాడికి తన విమానాలను వెనక్కి జరుపుకునే వ్యవధి దొరికింది. రష్యాకు కూడా స్నేహితులున్నారు. ఇరాన్ షాహెద్ డ్రోన్లు ఇచ్చింది, ఉత్తర కొరియా లక్షలకొద్దీ గుండ్లనే కాక పదివేల మందికి పైగా సైనికులనూ పంపింది. మన దేశం ఎవరికీ ఆయుధ సాయం చేయకపోయినా రష్యా చమురును విరివిగా కొన్నది. దానికి శిక్షగా 2025 ఆగస్టులో అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతానికి చేర్చినప్పుడు, అమెరికాకు వెళ్లే రొయ్యలను పెంచే భీమవరం వైపు మా చుట్టుపక్కల చెరువుల రైతులు, యుద్ధం సాగే తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్బాస్ పేరు ఎన్నడూ విననివాళ్లు కూడా, రొయ్యల కౌంటు ధర ఎంత పడిందని ఆందోళన పడ్డారు.

2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి చొరబడటాన్ని కూడా నేను ఈ వెలుగులోనే చూస్తాను. తూర్పున దోనెత్స్క్‌లో సైనికుల కొరత ఉండగా మంచి బ్రిగేడ్లను అటు పంపడం తప్పని చాలామంది మాజీ సైనికులు అన్నారు, నేనూ అప్పుడు అదే అన్నాను. మరుసటి మార్చికి ఆ భూమిలో చాలా భాగం చేజారింది. అయినా దాటితే ఊరుకోమని రష్యా గీసిన ఎర్ర గీతలు నిజంగా ఎంత ఎర్రగా ఉన్నాయో దాతలకు చూపడం అందులో ఒక ఉద్దేశమై ఉంటుందని తరువాత అనిపించింది. దానికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది డ్రోన్ల విషయం. గుండ్ల కోసం ఎదురుచూసి విసిగిన సైన్యం, చిన్న వర్క్‌షాపుల్లో చవకగా తయారయ్యే, కెమెరా దృశ్యం చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్లతో తోపు చేయవలసిన పనిలో పెద్ద భాగాన్ని నెట్టుకొచ్చింది. 2025 జూన్ 1న లారీల్లో దాచి తీసుకెళ్లిన 117 డ్రోన్లతో రష్యా లోపలి వైమానిక స్థావరాలను కొట్టింది కూడా అలాంటి సొంత సరుకుతోనే, దానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

రేపు సాయం ఆగిపోతే అన్న మీ రెండో ప్రశ్నకు 2025 మార్చిలో ఒక చిన్న నమూనా దొరికింది. ఓవల్ ఆఫీసులో ట్రంప్, జెలెన్‌స్కీల వాగ్వాదం జరిగిన కొద్ది రోజులకే అమెరికా ఆయుధాలను, నిఘా సమాచారాన్ని నిలిపివేసి, జెడ్డా చర్చల తరువాత 11న తిరిగి ఇచ్చింది. ఆ వారంలో ఉక్రెయిన్ కూలిపోలేదు. పూర్తిగా ఆగిపోతే, నా అంచనా ప్రకారం ముందు వరస వెంటనే చెదరదు, ఎందుకంటే అక్కడి డ్రోన్లు చాలావరకు సొంతవి, 155 గుండ్లను యూరప్ కొంతవరకు పూడ్చగలదు. మొదట తెలిసేది నగరాల్లో. రష్యా ఇస్కందర్ వంటి బాలిస్టిక్ క్షిపణులను నమ్మకంగా ఆపగలిగేది అమెరికా పేట్రియాట్ వ్యవస్థ, దాని క్షిపణులు ఏడాదికి కొన్ని వందలు మాత్రమే తయారవుతాయి, వాటికి యూరప్ దగ్గర సరైన ప్రత్యామ్నాయం చాలినంత లేదు. 2025 వేసవి నుంచి యూరప్ దేశాలు తమ డబ్బుతో అమెరికా దగ్గర కొని ఉక్రెయిన్‌కు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాయి, అందులో ముందుగా అడుగుతున్నవి ఈ క్షిపణులే.