టేలర్ స్విఫ్ట్ అంత పెద్ద స్టార్ ఎలా అయింది? ఆమె పాటల్లో అంత గొప్పేముంది?

ముందే చెప్పేస్తాను, నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పెళ్ళిళ్ళకి పాడే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను, అప్పుడప్పుడూ సొంతంగా పాటలు కడతాను.

2021 చివర్లో బరంపురంలో చదువుకునే మా మేనకోడలు "మావయ్యా, ఇది విను" అని ఫోన్‌లో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ పాట ఒకటి పెట్టింది, పేరు 'ఆల్ టూ వెల్'. పది నిమిషాల పైనే ఉంది! మా ప్రోగ్రాముల్లో ఐదు నిమిషాలు దాటితే జనం భోజనాల వైపు లేచిపోతారు. వాయించి చూస్తే నాలుగే కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాల గుత్తులు), మొదటి నుంచి చివరి దాకా అవే తిరుగుతున్నాయి. ఇందులో ఏముందని అడిగాను. అప్పుడు పిల్ల పక్కన కూర్చుని లైను లైనుకీ అర్థం చెప్పింది. విడిపోయిన ప్రేమికుడి అక్క ఇంట్లో ఆమె మర్చిపోయి వచ్చిన స్కార్ఫ్. అర్ధరాత్రి వంటింట్లో ఫ్రిజ్ వెలుగులో ఇద్దరూ డాన్స్ చేయడం. ఆ స్కార్ఫ్ దగ్గర నేను పడిపోయాను. అమెరికాలో వారం వారం హిట్ పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్ట్‌లో మొదటి స్థానానికి వచ్చిన పాటల్లో అన్నిటికంటే పొడవైనది అదేనట.

నా పాటల్లో అయితే వెన్నెల, మేఘం, హృదయవీణ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి కూడా, పెన్ను పట్టగానే గ్రాంథికంలోకి దూకేవాణ్ణి!

టేలర్ పద్నాలుగేళ్ళకే అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పబ్లిషింగ్ కంపెనీకి పాటలు రాయడానికి కుదిరింది. 2010లో వచ్చిన మూడో ఆల్బమ్‌కి పాటలన్నీ ఒక్కతే రాసింది. ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే గ్రామీ అవార్డు నాలుగు సార్లు గెలిచింది: 2010, 2016, 2021, 2024. దేశదేశాలు తిరిగి పాడిన ఈరాస్ టూర్‌లో 149 షోలు, 200 కోట్ల డాలర్లకు పైగా టికెట్ల అమ్మకం. ఈ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు తగిలింది మాత్రం మాస్టర్ల గొడవ.

2019లో ఆమె పాత రికార్డింగ్ కంపెనీ చేతులు మారింది. దాంతో మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, వేరేవాళ్ళకి పోయాయి. కానీ పాట రాసింది ఆమే కదా! రికార్డింగు మీద హక్కు వేరు, మాటల మీద, ట్యూన్ మీద హక్కు వేరు. అందుకని 2021లో రెండు, 2023లో రెండు ఆల్బమ్‌లు మళ్ళీ కొత్తగా పాడి విడుదల చేసింది. అభిమానులు పాతవి వదిలేసి కొత్తవి విన్నారు. చివరికి 2025లో పాత మాస్టర్లు కూడా కొనేసుకుంది. ఎవరో రాసిచ్చినవి పాడిన గాయని అయితే ఇది ఇంత సులువయ్యేది కాదు. ఇప్పుడు అక్కడి కంపెనీలు, గాయకులు అవే పాటల్ని మళ్ళీ రికార్డు చేయకూడని గడువు ఇంకా పెంచి కాంట్రాక్టులు రాస్తున్నాయంటే, ఆమె ఎంత దెబ్బ కొట్టిందో చూడండి.

నా సంగతి కూడా అలాంటిదే, సైజు తేడా అంతే. కొన్నేళ్ళ కిందట ఒక స్టూడియో వాళ్ళు మూడు వేలు చేతిలో పెట్టి, నా సంక్రాంతి పాట రికార్డు చేసుకున్నారు. తర్వాత చూస్తే వాళ్ళ ఛానల్లో ఉంది, నా పేరు లేదు. అడిగితే నేను సంతకం పెట్టిన కాగితం చూపించారు. మేనకోడలు ఈ మాస్టర్ల కథ చెప్పాక ఆ కాగితం జిరాక్స్ పట్టుకుని మా వీధి వకీలు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివి, "నువ్విచ్చింది రికార్డింగే బాబూ, పాట నీదే" అన్నారు.

నిరుడు పండక్కి ఇంట్లోనే మళ్ళీ రికార్డు చేశాను. ఈసారి చరణంలో వెన్నెల తీసేసి, పాతపట్నం సంతలో మా అమ్మ బేరమాడి కొన్న ఇత్తడి చెంబు పెట్టాను. పాతదానికి వేలల్లో వ్యూస్ ఉన్నాయి. నాదానికి నిన్న రాత్రి చూస్తే 214. అందులో సగం మేనకోడలి హాస్టల్ పిల్లలవే అయ్యుంటాయి.