పెరట్లోకి వచ్చే పిల్లికి నట్టలు, పురుగులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇల్లు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు వెనుక వీధిలో ఉంది. ఎవరూ పెంచని ఆడపిల్లి ఒకటి ఎండాకాలం నుంచి మా ఇంటికి వస్తోంది. పాలు, చేపముక్కలు పెట్టడంతో మచ్చికై, ఇప్పుడు వరండాలో గోనెసంచి మీదనే పడుకుంటోంది. ఈ మధ్య దాని తోక కింది వెంట్రుకలకు బియ్యపు గింజల వంటివి అంటుకొని, మెల్లగా కదులుతూ కనబడుతున్నాయి. అది ఒళ్లంతా గోక్కుంటోంది, మా చీలమండల దగ్గర కూడా ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. గొర్రెలకు తాగించగా మిగిలిన నట్టల మందు నాలుగు చుక్కలు పోయమని ఒక బంధువు అంటున్నారు. బర్రెల పిడుదులకు కొట్టే మందు నీళ్లలో కలిపి రుద్దమని ఇంకొకరు చెబుతున్నారు. కాన్పుకు వచ్చిన మా అమ్మాయి ఇంట్లో ఉంది. పిల్లిని వెళ్లగొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వెళ్లగొట్టనక్కరలేదమ్మా. కానీ మీవాళ్లు చెప్పిన ఆ రెండు మందులూ దాని దరిదాపులకు రానివ్వకండి. బర్రెల మీద పిడుదులకు కొట్టే మందుల్లో సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లేదా ఎమిట్రాజ్ ఉంటాయి. బర్రె తట్టుకోగలిగిన డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లను పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు. పైగా పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకునే జంతువు కాబట్టి, చర్మం మీద రాసినదంతా చివరికి కడుపులోకే పోతుంది. వణుకు, ఫిట్స్ మొదలై ప్రాణం పోయిన సందర్భాలు మా వృత్తిలో అందరికీ తెలిసినవే. కుక్కల మెడ మీద వేసే పర్మెత్రిన్ చుక్కల మందు కూడా పిల్లికి విషమే. ఎవరైనా ఇప్పటికే రుద్ది ఉంటే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో కడిగి, పొడి గుడ్డలో చుట్టి వెంటనే పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. ఇక గొర్రెల నట్టల మందులో చాలాసార్లు ఉండేది ఆల్బెండజోల్. ముప్పై కిలోల గొర్రెకు లెక్కగట్టిన మందును మూడు కిలోల పిల్లికి చుక్కల్లో కొలవడం కుదిరే పని కాదు. ఆ మందు పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీయగలదు, మీరు చూసిన నట్టలను నమ్మకంగా తొలగించనూ లేదు.

మీరు చూసిన ఆ గింజలు పేగులో ఉండే బద్దెపురుగు అనే నట్ట నుంచి తెగి రాలిన ముక్కలు. తడిగా ఉన్నప్పుడు కదులుతాయి, ఎండితే నువ్వుల్లా చిన్నవై పిల్లి పడుకున్న చోట రాలి ఉంటాయి. పిల్లుల్లో తరచుగా కనిపించే బద్దెపురుగు డైపిలీడియం. ఇది నేరుగా ఒక పిల్లి నుంచి ఇంకొక పిల్లికి అంటదు. ముక్కల్లోని గుడ్లను ఫ్లీ అనే దుంకే పురుగు పిల్లదశలో తింటుంది. ఆ ఫ్లీ పెద్దదై పిల్లి ఒంటి మీదికి చేరుతుంది, దురద పెట్టినప్పుడు పిల్లి దానిని నాకి మింగుతుంది. అందువల్ల దాని గోకుడు, తోక కింది గింజలు, మీ చీలమండల దద్దుర్లు మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవని నా అభిప్రాయం. తేల్చుకోవాలంటే తడి చేసిన తెల్ల కాగితం మీద పిల్లి నడుము దగ్గరి వెంట్రుకలను దువ్వండి. రాలిన నల్లటి నలుసుల చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక పాకితే అది ఫ్లీల మలం, అంటే అరిగిన రక్తం. మీది మిల్లు వీధి కాబట్టి ఎలుకలకు కొదవ ఉండదు. ఎలుకను తిన్న పిల్లికి టీనియా అనే మరో రకం బద్దెపురుగు కూడా రావచ్చు. రెండింటికీ ప్రాజిక్వాంటెల్ అనే మందు పనిచేస్తుంది.

పిల్లుల కోసమే తయారైన ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ కలిసిన మాత్ర బద్దెపురుగులతో పాటు ఏలికపాములను, కొంకి పురుగులను కూడా పోగొడుతుంది. సాధారణంగా ఇది నాలుగు కిలోల బరువుకు ఒక మాత్ర చొప్పున ఉంటుంది. పిల్లిని ఎత్తుకొని తూకం మీద నిలబడి, మీ బరువు తీసివేస్తే దాని బరువు తెలుస్తుంది. మాత్ర చేదుగా ఉంటుంది కాబట్టి ముల్లు తీసిన చేపముక్కలో పొదిగి, అది బాగా ఆకలితో ఉన్నప్పుడు పెట్టండి. కొరికితే నోటి వెంట నురుగు కారుతుంది, దానికి కంగారు పడవద్దు. మలంలో చచ్చిన పురుగులు కనబడలేదని మందు పనిచేయలేదనుకోవద్దు, అవి చాలావరకు పేగులోనే కరిగిపోతాయి. మూడు వారాలకు గింజలు మళ్లీ కనబడితే మాత్రం, మధ్యలో అది మరో ఫ్లీని మింగిందన్న మాట.

అందుకే మాత్ర ఒక్కటే చాలదు. ఫ్లీలకు పిల్లుల ఫిప్రోనిల్ చుక్కలు గాని, సెలమెక్టిన్ చుక్కలు గాని నెలకొకసారి, కనీసం మూడు నెలలు వేయాలి. ఫిప్రోనిల్ ఒంటి మీది పురుగులకే పనికి వస్తుంది. సెలమెక్టిన్ చెవిలోని పురుగులను, ఏలికపాములను, కొంకి పురుగులను కూడా అదుపు చేస్తుంది గాని బద్దెపురుగును తాకదు. వీధి పిల్లి ఎప్పుడు చేతికి చిక్కుతుందో చెప్పలేం కాబట్టి, చిక్కిన రోజునే సెలమెక్టిన్, ప్రాజిక్వాంటెల్ రెండూ అందేలా డాక్టరుతో మాట్లాడుకోవడం మేలని నేనంటాను. అది గిన్నెలో తల పెట్టి తింటున్నప్పుడు, పుర్రె కింద మెడ మొదట్లో, నాలుక అందని చోట వెంట్రుకలను పాయ తీసి, చర్మం కనబడ్డాక చుక్కలు వేయాలి. వెంట్రుకల మీద కారిస్తే లాభం లేదు.

పిల్లి మీద కనబడే పెద్ద ఫ్లీలు మొత్తంలో కొద్ది వంతు మాత్రమే. గుడ్లు, పిల్లలు, గూళ్లు మీ గోనెసంచిలో, గచ్చు బీటల్లో, బండల సందుల్లో ఉంటాయి. గూట్లో ఉన్న పురుగు నెలల తరబడి ఓపిక పట్టి, అడుగుల చప్పుడు, ఒంటి వేడి తగలగానే బయటికి వస్తుంది. చాలా రోజులు తాళం వేసిన ఇంట్లో అడుగు పెట్టగానే కాళ్లకు కుట్టడం ఇందువల్లనే. ఆ సంచిని తగలబెట్టండి. బదులుగా పాత చీర మడిచి వేసి, వారానికొకసారి మరిగే నీటిలో నానబెట్టి ఎండలో ఆరవేయండి. సందులన్నీ గట్టిగా ఊడ్చి, ఆ దుమ్మును మూట కట్టి పారవేయాలి. కిరోసిన్, ఫినాయిల్, కర్పూరం, వేపనూనె పిల్లి ఒంటికి రాయవద్దు.

మీ అమ్మాయి విషయానికొస్తే, గర్భిణులు భయపడవలసిన పరాన్నజీవి టాక్సోప్లాస్మా. మొదటిసారి సోకినప్పుడు పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని గుడ్లను మలంలో విడుస్తుంది. బయటపడిన గుడ్డు సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కనుక మలాన్ని ప్రతిరోజూ ఇంకెవరైనా చేతి తొడుగులతో తీసివేయాలి, అమ్మాయి పెరటి మట్టిని ముట్టకూడదు. కడగని ఆకుకూరలు, సరిగా ఉడకని మాంసం పిల్లిని నిమరడం కంటే ప్రమాదకరం. చుక్కల మందు వేసిన చోటు ఆరేదాకా ఎవరూ తాకవద్దు. పిల్లి కరిచినా రక్కినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పిల్లికి కూడా ఆ టీకా వేయించండి. మరొక మాట: ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలైతే దానికి నట్టలే కారణమనుకోకుండా ముందు పాలు మానిపించి చూడండి.

ప్రశ్న: మా కొట్టంలో పిల్లి పిల్లల్ని పెట్టింది. నెలన్నర దాటిన పిల్లలకు చెవుల అంచుల మీద, ముఖం మీద బూడిదరంగు పొక్కు కట్టింది. వాటిని ఎత్తుకునే మా పిల్లల చేతుల మీద కూడా దురద దద్దుర్లు వచ్చాయి. మనుషుల గజ్జి మందు రాయవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రాయవద్దు. మనకు వాడే పర్మెత్రిన్ క్రీము, బెంజైల్ బెంజోయేట్ లోషన్ రెండూ పిల్లులకు విషమే. మీ వర్ణనను బట్టి ఇది పిల్లులకు వచ్చే గజ్జి, నోటోయెడ్రిస్ అనే పురుగు వల్ల చెవి అంచున మొదలై ముఖానికి, పాదాలకు పాకుతుంది. తల్లితో సహా అన్నింటికీ ఒకేసారి వైద్యం జరగాలి. ఐవర్‌మెక్టిన్ మోతాదును తూకం చూసి డాక్టరే నిర్ణయించాలి. చెవి లోపల కాఫీ పొడి వంటి నల్లటి గులిమి మాత్రమే ఉంటే అది వేరే పురుగు, దాని కోసం చెవిలో నూనె పోసి పుల్లతో తిప్పకండి. ఏలికపాములు తల్లి పాల ద్వారా కూడా పిల్లలకు చేరుతాయి కాబట్టి నట్టల మందు కూడా అదే రోజు అడగండి. చిగుళ్లు తెల్లగా పాలిపోయిన పిల్ల ఉంటే దానిని ముందు చూపించండి. ఈ గజ్జి పురుగు మనిషి చర్మంలో సంతానం పెంచుకోలేదు కనుక, పిల్లులకు నయమయ్యాక మీ పిల్లల దద్దుర్లు కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గకపోతే చర్మవైద్యునికి చూపించి, ఇంట్లో పిల్లులకు గజ్జి ఉన్న సంగతి ముందే చెప్పండి.