ముందు ఆ హాఫ్ ఎల్ఫ్ పిల్లాడిని అడుగు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సగం మాటలు నీ పరీక్షల గురించి, సగం ‘ఆ పాచికల ఆట’ గురించి. తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ కథ ఆడుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కదా అది. వచ్చే ఆదివారం నుంచి మీ గ్యాంగ్ మొత్తాన్ని దాని కొత్త, 2024 రూల్స్‌లోకి మార్చేస్తున్నావట. శ్రీకాకుళంలో అయిదుగురిని పోగేసి ఏడాదిన్నరగా ఒకే కథ నడుపుతున్న డీఎం, అంటే డంజన్ మాస్టర్, నా మేనకోడలని ఇక్కడ విజయనగరంలో అందరికీ చెప్పుకుంటాను. డీఎంహెచ్‌ఓ ఆఫీసులో ఉద్యోగమా అని ఒకాయన అడిగాడు, అది వేరే సంగతి. అంత గర్వం ఉండి కూడా రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. కొత్త రూల్స్ మూడు పుస్తకాలూ ఒకేసారి కొనకు. కొత్త రూల్స్‌లో ముఖ్యమైనవి ఎస్‌ఆర్‌డీ 5.2 పేరుతో ఉచితంగానే దొరుకుతాయి. అవి చదివి, ఒక సాయంత్రం ఉత్తుత్తి ఫైట్ ఒకటి ఆడి చూడండి. కథ మధ్యలో ఉండగా మార్చకు, ఈ గుహ పూర్తి కానీ.

గొడవ ఎక్కడ వస్తుందో నాకిక్కడి నుంచే కనిపిస్తోంది. మీలో ఆయుధాల యోధుడు, ఫైటర్ పాత్ర ఆడే పిల్ల ఎగిరి గంతేస్తుంది. ఒక్కో ఆయుధానికీ ఒక్కో ప్రత్యేకత, వెపన్ మాస్టరీ అని ఇచ్చారుగా. ప్రమాణం పట్టి పోరాడే యోధుడు, పాలడిన్ ఆడే కుర్రాడు మొహం ముడుచుకుంటాడు. 2014 పుస్తకంలో స్పెల్ స్లాట్లు, అంటే రోజుకిన్ని అన్న మంత్రాల కోటా, ఉన్నంతసేపూ తగిలిన ప్రతి దెబ్బకీ స్మైట్ అనే అదనపు దైవశక్తి దెబ్బ కలిపేవాడు. 2024లో అది బోనస్ యాక్షన్‌తో, అంటే తన వంతులో దొరికే ఒకే ఒక్క చిన్న అదనపు పనితో, వేసే స్పెల్ అయిపోయింది, వంతుకి ఒకటే. రెండు వారాలు గొణుగుతాడు, సర్దుకుంటాడు. నా భయం వాడి గురించి కాదు. కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 384 పేజీలూ తిరగేసినా సగం మనిషి, సగం ఎల్ఫ్ అయిన జాతి, హాఫ్ ఎల్ఫ్ ఉండడు. మీలో హాఫ్ ఎల్ఫ్‌గా ఆడే ఆ పిల్లాడికి ఈ సంగతి చెప్పావా?

2008లో నాలుగో ఎడిషన్ వచ్చేసరికి నీకు రెండేళ్ళు. మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద గదిలో నేను దానికి ముందున్న 3.5 ఎడిషన్ ఆట నడుపుతుండేవాడిని. మొత్తం నలుగురం. అందులో ఒకడి పాత్రది గ్నోమ్ అనే పొట్టి జాతి, పని బార్డ్, అంటే పాటతో మంత్రం వేసే గాయకుడు. మూడడుగుల మనిషి, పేరు బుడతడు. ఆడేవాడు మాత్రం ఆరడుగులుండేవాడు. వాళ్ళ తాతగారు జముకుల కథ చెప్పేవారట. బుడతడు పాట ఎత్తుకోవాలంటే వీడు మా గదిలో స్టీలు చెంబు చంకలో ఇరికించుకుని, నోటితో ‘బుంయ్ బుంయ్’ అని జముకు మోగించేవాడు. ఎర్ర అట్ట చిట్టా పుస్తకంలో ఆ పాటలన్నీ రాసి పెట్టుకున్నాడు. ఒక్కో శత్రువుకీ ఒక్కో వెక్కిరింపు పాట.

మా బావగారి సూట్‌కేసులో నాలుగో ఎడిషన్ పుస్తకాలు వచ్చాయి. నాకు తెగ నచ్చేశాయి. ఎప్పుడైనా వాడుకునేవి, ఫైట్‌కి ఒకసారివి, రోజుకి ఒకసారివి అని ప్రతి క్లాస్‌కీ, అంటే ఫైటర్ లాంటి ప్రతి పాత్ర రకానికీ, పవర్లు తూకం వేసి పంచారు. ఇది వీడియో గేమ్‌లా ఉందని చాలామంది తిట్టుకున్నారు. 3.5 వదలలేని వాళ్ళలో ఎంతోమంది, 2009లో దాని మీదే కట్టిన పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆటకి వెళ్ళిపోయారు. రెండు వర్గాల మధ్య వాదన వింటే దాయాదుల గట్టు తగాదా నయమనిపించేది. నేనూ తక్కువేమీ తినలేదు. పాతది పట్టుకు వేలాడేవాళ్ళకి లెక్కలు రావని కూడా అన్నాను.

ఆ మొదటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో బార్డ్ లేడు. ఆడుకోవడానికి గ్నోమ్ కూడా లేడు, మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుల మధ్య ఉన్నాడు. సిరిమానోత్సవం వెళ్ళిన వారం, అందరి ముందూ వాడితో ఏమన్నానో తెలుసా? ‘బుడతణ్ణి పక్కన పెట్టరా, వచ్చే ఏడు ఇంకో పుస్తకంలో వస్తాడట. అందాకా ఒక ఫైటర్‌ని తీసుకో.’ నవ్వుతూనే అన్నాను. వాడూ నవ్వాడు. చెంబు తీసి గూట్లో పెట్టాడు. మూడు వారాలు ఫైటర్‌తో వచ్చాడు, డైస్ వేసి అంకె చెప్పేవాడు, అంతే. నాలుగో వారం జ్వరం అన్నాడు. అయిదో వారం నేను అడగలేదు.

2009లో రెండో హ్యాండ్‌బుక్ వచ్చింది. బార్డ్, గ్నోమ్ ఇద్దరూ ఉన్నారు. అది పట్టుకుని వాళ్ళింటికి వెళ్తే, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళి రెండు నెలలైందని వాళ్ళమ్మ చెప్పింది. గంట స్తంభం దాకా నడిచి, అక్కడ టీ తాగి ఇంటికొచ్చాను. మా గుంపూ ఆ వేసవి దాటలేదు.

నీకు నాకంటే దారి సులువు. పాత పుస్తకాల్లోని జాతుల్ని కొత్త రూల్స్‌తో ఆడుకోవచ్చని 2024 పుస్తకమే చెబుతోంది. జాతితో వచ్చే అబిలిటీ స్కోర్ (బలం, తెలివి లాంటి అంకెల) పెంపు వదిలేసి, కొత్త బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పాత జీవితం) ఇచ్చేది తీసుకుంటే సరిపోతుంది. ఇదంతా ఆ హాఫ్ ఎల్ఫ్ పిల్లాడికి గ్రూప్ మెసేజ్‌లో పెట్టకు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఎక్కడైనా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, విడిగా చెప్పు. వాడు ఒద్దంటే ఈ కథ పాత రూల్స్‌తోనే ముగించు. డీఎంవి కదా అని నోరు చేసుకున్నావని నాకు తెలిస్తే ఊరుకోను. మన ఇంటి నోరు ఎలాంటిదో నాకు తెలుసు, నీకు నాది వచ్చింది.

పరీక్షల సంగతి మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. నువ్వు రాత్రి రెండింటి దాకా మ్యాపులు గీయకు, కళ్ళు పోతాయి.

ఆ ఉత్తుత్తి ఫైట్ రోజు నేనూ బస్సెక్కి వస్తాను. గ్నోమ్ బార్డ్, మూడో లెవెల్, షీట్ రాసేశాను. చెంబు నేనే తెచ్చుకుంటాను.

మీ మావయ్య