బోరు నీటి చెరువులో వన్నామి రొయ్య బిగుసుకుపోతోందా? పొటాష్ లెక్క చూసుకోండి

ప్రశ్న: ఎకరా చెరువు, 1.2 మీటర్ల లోతు, అంతా బోరు నీరే. వన్నామి పిల్ల వదిలి 45 రోజులైంది. చెక్ ట్రే (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెం) ఎత్తగానే కొన్ని రొయ్యలు వంగి బిగుసుకుపోతున్నాయి, తోక కండ తెల్లబడుతోంది. గుల్ల విడిచిన మర్నాడు ట్రేలో చచ్చినవి కనిపిస్తున్నాయి. ల్యాబ్ రిపోర్టులో సెలినిటీ (ఉప్పదనం) 5 పీపీటీ, అంటే వెయ్యికి 5 పాళ్లు, లీటరుకు సోడియం 1,500, పొటాషియం 18 మిల్లీగ్రాములు వచ్చాయి. వారానికి 5 కిలోల మినరల్ మిక్స్చర్ చల్లుతున్నాం. కొందరు రాళ్లుప్పు వేయమంటున్నారు, కొందరు ఎరువుల కొట్టు పొటాష్ వేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: రాళ్లుప్పు జోలికి పోవద్దు. ఉప్పు వేస్తే పెరిగేది సోడియం, మీకు కరువైంది పొటాషియం. రెండూ ఒకే జాతి క్షారలోహాలే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయదు. రొయ్య మొప్పల్లోని కణాలు సోడియాన్ని బయటికి తోస్తూ పొటాషియాన్ని లోపలికి లాగుతుంటాయి. సముద్రపు నీటిలో పొటాషియం కంటే సోడియం సుమారు 28 రెట్లుంటుంది. మీ చెరువులో 83 రెట్లుంది. కండరం పట్టేయడం, గుల్ల విడిచాక తేరుకోలేకపోవడం ఈ తేడాకు సరిపోయే లక్షణాలే.

సముద్రపు నీటి నిష్పత్తిలో ఎంత పొటాషియం ఉండాలో తెలియాలంటే సెలినిటీని 10.7తో గుణించండి. 5 పీపీటీకి లీటరుకు 53.5 మిల్లీగ్రాములు వస్తుంది. ఉన్న 18 తీసేస్తే లోటు 35.5. ఎకరా చెరువులో 1.2 మీటర్ల నీరంటే దాదాపు 4,850 ఘనపు మీటర్లు. అంటే 172 కిలోల పొటాషియం కావాలి. ఎరువుల కొట్టులో దొరికే పొటాష్, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సగమే పొటాషియం కాబట్టి సుమారు 345 కిలోలు, 50 కిలోల బస్తాలు ఏడు. ఇప్పుడు మీ మినరల్ ప్యాకెట్ సంగతి చూడండి. ఆ 5 కిలోలూ అచ్చంగా మ్యూరేటే అనుకున్నా లీటరుకు పెరిగేది అర మిల్లీగ్రాము! ఆ డబ్బు పొటాష్‌కు పెట్టడం నయం.

బస్తాలు కొనేముందు చిన్న పరీక్ష చేయండి. రెండు టబ్బుల్లో 50 లీటర్ల చొప్పున చెరువు నీరు పోసి, గాలి పెట్టి, ఒకదానిలో 3.5 గ్రాముల పొటాష్ కరిగించండి. బిగుసుకున్న రొయ్యలు పదేసి వదిలి ఒక రోజు చూడండి. పొటాష్ టబ్బులోవి తేరుకుంటే మన లెక్క సరే. రెండింట్లోనూ తోక తెల్లగానే ఉండి, ఆపై ఎర్రబడుతుంటే అది కండర వైరస్ కావచ్చు, పీసీఆర్ పరీక్షకు (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) పంపండి.

తెల్ల పొటాష్ దొరికితే అదే తీసుకోండి. ఎర్రదైనా పనిచేస్తుంది, కాకపోతే డ్రమ్ము అడుగున ఎర్రమట్టి దిగుతుంది, పైతేట వాడాలి. 17-17-17 లాంటి కాంప్లెక్స్ ఎరువులు మాత్రం వద్దు, వాటిలోని నత్రజని అమ్మోనియాగా మారి మీదపడుతుంది. 200 లీటర్ల డ్రమ్ముకు ఒక బస్తా చొప్పున కలపండి. కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది, అందుకే చివర్లో ఓపిగ్గా తిప్పాలి. ఏరేటర్లు తిరుగుతుండగా వాటి ముందు పోయండి. రోజుకు రెండు బస్తాల చొప్పున మూడు రోజులు, నాలుగో రోజు మిగిలిన బస్తా. కరిగించకుండా చల్లితే అడుగుకు పోయి బంకమట్టికి పట్టేస్తుంది. ద్రావణంగా పోసినా నల్లమట్టి కొంత లాగేసుకుంటుంది. కాబట్టి వారం తర్వాత పొటాషియం మళ్లీ పరీక్ష చేయించి, తగ్గినంత కలపండి. అప్పటిదాకా వల వేయొద్దు, ఎండ వేళ ట్రే ఎత్తొద్దు.

అదే పరీక్షలో మెగ్నీషియం కూడా చూపించండి. 5 పీపీటీకి లీటరుకు 195 మిల్లీగ్రాముల దాకా ఉండాలి, అది తక్కువైనా రొయ్య ఇలాగే పట్టేస్తుంది. మీ బోరు నీటిలోనూ పొటాషియం 18 దగ్గరే ఉంటే, ఆవిరైన నీటికి బదులు 10 సెంటీమీటర్లు పెట్టిన ప్రతిసారీ 29 కిలోల పొటాష్ కలపాలి.