ముందు కరెంటు బిల్లులు తెచ్చుకో

కె.ఆర్.పురం,
బెంగళూరు

చిరంజీవి బుజ్జికి,

చిన్నాయన ఆశీస్సులు. కార్పొరేషన్‌లో వాతావరణ విభాగంలో చేరావని, ఇంధన విధానం ముసాయిదా నీకే అప్పగించారని విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ముప్పై ఏళ్లు మునిసిపాలిటీల్లో ఎలక్ట్రికల్ పనులు చూసినవాణ్ణి కదా, ఫోన్లో హడావుడిగా చెప్పలేనివి తీరిగ్గా రాస్తున్నాను.

2050 నాటికి ఊరి నికర కర్బన ఉద్గారాలు సున్నా చేస్తామన్న మాట 2023 నవంబరులో అప్పటి నగరపాలిక బీబీఎంపీ విడుదల చేసిన వాతావరణ ప్రణాళికలోనే ఉంది. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి ఆ మాట నిలబెట్టే బరువు ఇప్పుడు మీ మీద పడింది. నువ్వు మళ్లీ ఆ సంవత్సరం దగ్గర మొదలుపెట్టకు. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గియ్యి. ఎడమ పక్కన మీ కమిషనర్ సంతకంతో జరిగేవి రాయి: ఇళ్ల ప్లాన్ మంజూరు, వీధిదీపాలు, పార్కులు, వార్డు రోడ్లు, ఆస్తిపన్ను. కుడి పక్కన వేరేవాళ్లవి: కరెంటు బెస్కాంది, దాని రేటు నియంత్రణ కమిషన్‌ది, బస్సులు బీఎంటీసీవి, నీళ్లు జలమండలివి. కుడి పక్కవాటిని వదిలెయ్యమనడం లేదు. "బస్సులన్నీ కరెంటు బస్సులు చేస్తాం" అని నువ్వు రాస్తే బీఎంటీసీ వాళ్లు ఆ పేజీ తిప్పేస్తారు. "చార్జింగుకు మా స్థలం ఫలానా చోట ఇస్తాం" అని రాస్తే కూర్చుని మాట్లాడతారు.

ఆ తర్వాత కరెంటు బిల్లులు తెచ్చుకో. కన్సల్టెంట్లు ఊరి మొత్తానికీ ఉద్గారాల లెక్క కట్టిస్తారు. అదీ కావాలి. కానీ మీ ఆఫీసు కడుతున్న ప్రతి బిల్లూ ఆర్‌ఆర్ నంబరువారీగా, అంటే ఒక్కో కరెంటు కనెక్షన్‌కు ఉండే నంబరు ప్రకారం, నీ చేతిమీదుగా పోవాలి. నేను పనిచేసిన ఒక ఊళ్లో మూడు నెలలు కూర్చుని అలా విడదీశాను. ఒక పార్కులో బోరు ఎండిపోయి, మోటారు పీకేసి నాలుగేళ్లయినా స్థిర చార్జీ నెలనెలా కడుతూనే ఉన్నారు. వెళ్లి మీటరు డబ్బా మూత తీస్తే లోపల కందిరీగల గూడు! ఇంకో వీధిలో దీపాల టైమరు, కరెంటు పోయినప్పుడల్లా కొంత వెనకబడి, పొద్దున తొమ్మిదింటికి కూడా లైట్లు వెలుగుతున్నాయి. ఆ వీధివాళ్లు ఎన్నోసార్లు చెప్పారట, రాసుకున్నవాడే లేడు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

నీళ్ల సంగతి ఇంధనం అధ్యాయంలోనే పెట్టు. మన కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి పంపింగ్ కేంద్రం నుంచి సుమారు 100 కిలోమీటర్లు, మూడు దశల్లో, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు ఎక్కి వస్తాయి. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు నెట్టాలంటే ఉత్త లెక్కకే 1.36 యూనిట్లు కావాలి. పంపులూ మోటార్లూ తినేది కలిపితే రెండు యూనిట్లకు దగ్గర. 2024 అక్టోబరులో మొదలైన ఐదో దశ ఒక్కటే రోజుకు 77.5 కోట్ల లీటర్లు తేవడానికి కట్టింది. పూర్తిగా నడిస్తే నీళ్లెత్తడానికే రోజుకు పది లక్షల యూనిట్లు దాటుతుంది. ఇప్పుడు చెప్పు, రోడ్డు కింద పగిలిన పైపు నీళ్ల సమస్యా, కరెంటు సమస్యా? వార్డు రోడ్డు తవ్వడానికి అనుమతి ఇచ్చేది మీరే. లీకు మరమ్మతుకు ఆ అనుమతి అదే రోజు వచ్చేలా ఒక నిబంధన రాయించగలిగితే, నా దృష్టిలో అది సోలార్ పలకలంత విలువైనది. ఇళ్లలో వాన నీటి ఇంకుడు కూడా ఇక్కడే చేర్చు, 2009 నుంచీ చట్టంలో ఉన్నదే.

నిబంధన రాసేటప్పుడు అది ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకో. 2007లో కర్ణాటకలో కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటరు తప్పనిసరి చేశారు. పెట్టుకున్నవాళ్లకు యూనిట్‌కు 50 పైసల చొప్పున నెలకు 50 రూపాయల దాకా తగ్గింపు కూడా వచ్చింది. చాలా మంచి పని, ఈ ఊరి మిద్దెల మీద చూస్తే తెలుస్తుంది. అయితే మా వీధిలో నాలుగు మిద్దెలెక్కి చూడు. బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో తెల్లగా పేరుకుపోయి, రెండింట్లో ట్యాంకు చుట్టూ బట్టలారేస్తున్నారు. కింద బాత్‌రూములో గీజరు నడుస్తోంది. పెట్టించడానికి నిబంధన ఉంది కానీ శుభ్రం చేయించడానికి మనిషి లేడు. నీ సోలార్ విధానంలో ఆ మనిషి ఎవరో, జీతం ఏ పద్దు నుంచో రాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ముంబయి కార్పొరేషన్ 2024లో వాతావరణ బడ్జెట్ నివేదిక తెచ్చింది. బడ్జెట్లో ఏ పద్దు వాతావరణానికి పనికొస్తుందో విడిగా చూపించే పద్ధతి అది. తెప్పించుకుని చదువు. బడ్జెట్ పద్దు నంబరు లేని పని ఏదైనా నీ ముసాయిదాలో ఉంటే, అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని నంబరు వేయించుకున్నాకే పైకి పంపు.

తడి చెత్త కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుందని నీకు తెలుసు, దాని గురించి నేను చెప్పక్కర్లేదు. తెల్లారకముందే చీపురు పట్టే పౌరకార్మికులతో మాత్రం ఒకసారి మాట్లాడు. ఏ రోడ్డు మీద నీడ లేదో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

ఈ ఆదివారం వచ్చేటప్పుడు ఒక్క వార్డు బిల్లులైనా పట్టుకురా. మీ చిన్నమ్మ సంగటి, వేరుశనగ చట్నీ చేస్తానంటోంది. తిన్నాక కింద పరుచుకుని నంబర్లు విడదీద్దాం. రూళ్ల పుస్తకం ఒకటి నీకోసం తీసిపెట్టాను.

ఇట్లు,
మీ చిన్నాయన