అమరావతి వెళ్ళొచ్చి వ్యాసం రాసిన అమ్మాయికి

తల్లీ,

నీ వ్యాసం చదివాను. భాష బావుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు, కానీ చదవడం అయిపోయాక నువ్వు అమరావతిలో ఏం చూశావో నాకు ఒక్కటీ గుర్తు లేదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం. ప్రశాంతమైన కృష్ణా తీరం, ఘనమైన చరిత్ర, మనసు పులకించింది... ఇవన్నీ బస్సెక్కకుండా ఇంట్లో కూర్చుని కూడా రాసెయ్యొచ్చు కదమ్మా.

అక్కడ ఇబ్బంది ఏంటో నాకు తెలుసులే. అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, రేవులో కాళ్ళు కడుక్కుని బౌద్ధ స్తూపం దగ్గరికి వస్తే ఏముంటుంది, గుండ్రంగా ఇటుకల కట్టడం, గడ్డి, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, అని విని వెళ్ళినవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. నీకూ అనిపించే ఉంటుంది, దాన్ని కప్పెయ్యడానికే ఆ పెద్ద పెద్ద మాటలు వాడావని నా అనుమానం. కప్పకు. ఇంతేనా అనిపిస్తే అదే రాయి, మిగతాదంతా ఎటు పోయిందో అప్పుడు పాఠకుడే అడుగుతాడు, అక్కణ్ణించి నీ వ్యాసం నడుస్తుంది.

నువ్వు "విదేశీయులు దోచుకుపోయారు" అని ఒక్క లైనులో తేల్చేశావు. జరిగింది అంత సింపుల్ కాదు. చింతపల్లి నుంచి ఇక్కడికి మకాం మార్చిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం మట్టిదిబ్బగా ఉన్న ఈ స్తూపాన్నే తవ్వారు, ఆ కబురు తెలిసి 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చి శిల్పాల బొమ్మలు గీయించాడు, ఈలోపే ఎన్నో రాళ్ళు చెదిరిపోయాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు, వాటిల్లో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. 1880లో మద్రాసు గవర్నర్ దిబ్బ మొత్తం తవ్వి శుభ్రం చెయ్యమన్నాడు, ఆ దెబ్బతో మధ్యలో గొయ్యి మిగిలింది. ఇందులో మనవాళ్ళూ ఉన్నారు, వాళ్ళూ ఉన్నారు, మంచి ఉద్దేశంతో పాడుచేసినవాళ్ళూ ఉన్నారు. కొన్ని పలకలకి ఇప్పుడు మిగిలింది మెకంజీ గీయించిన బొమ్మలే, మరి అతన్ని ఏ వరసలో పెడతావు? కోపం రాయొద్దనను, ఎవరి మీద ఎంతో తెలుసుకుని రాయి.

ఇంకోటి. నీ వ్యాసం నిండా రాజులే, అశోకుడు, శాతవాహనులు. ఆ పలకలు పెట్టించిన మామూలు మనుషులు ఒక్కరూ లేరు. అక్కడి దాన శాసనాల్లో భిక్షుణులు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, సుగంధాలు అమ్మేవాళ్ళు ఉన్నారు. విధికుడని ఒక చర్మకారుడు, తోలుపని చేసే మనిషి, అమ్మనీ భార్యనీ అన్నదమ్ముల్నీ పిల్లల్నీ అందర్నీ కలుపుకుని పూర్ణఘటం, అంటే నిండు కలశం, చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు, ఆ సంగతి రాతి మీద రాయించాడు. ఎంత డబ్బు కూడబెట్టి ఉంటాడు, ఎన్నాళ్ళు మాట్లాడుకుని ఉంటారు ఇంట్లో! ఇలాంటి మనిషిని వదిలేసి రాజుల పేర్లు రాస్తే నాకు బాధేస్తుంది. అలాగని ఆయన చేత డైలాగులు చెప్పించకు, శాసనంలో ఉన్నంత చెప్పి ఆగిపో, అదే చాలు.

వీలైతే చెన్నై వెళ్ళు, ఎగ్మోర్ మ్యూజియంలో నలగిరి ఏనుగు, అదే బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన ఏనుగు, ఉన్న గుండ్రటి అమరావతి పలక చూడు. ఒకే చక్రంలో ఎడంపక్క మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తూ తొండంతో లాగేస్తూ ఉంటుంది, భయంతో జనం వెనక్కి ఒదుగుతుంటారు, అదే ఏనుగు కుడిపక్క బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగిపోయి ఉంటుంది. పైన కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు కూడా ఉన్నారు చూడు. ఆ శిల్పి మధ్యలో "తర్వాత" అని గీత గియ్యలేదు, రెండు క్షణాలూ ఒకే వీధిలో పెట్టాడు, మన కన్నే ఇటు నుంచి అటు వెళ్తుంది. నువ్వేమో "ఆ తర్వాత మేము", "అనంతరం మేము" అని ప్రతి పేరా మొదలుపెట్టావు. ఆ పలక ముందు ఓ గంట నిలబడు, నోట్‌బుక్ తీసుకెళ్ళు, ఫోన్ బ్యాగులో పెట్టు. ఎవరి చెయ్యి ఎటుంది, ఎవరు ఎవర్ని పట్టుకున్నారు, అంతా రాసుకో.

కృష్ణ గురించి కూడా రెండు ముక్కలు. నీకది ఫోటో వెనకాల బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది. కానీ పక్కనున్న ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం, వ్యాపారం నది మీదే నడిచేది, సముద్రం దాకా దారి అదే. 1344 నాటి శ్రీలంక గడలదెణియ శాసనంలో ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహం, అంటే విగ్రహాలుండే గుడి, బాగు చేయించాడని ఉంది, అంటే అప్పటికి కూడా ఆ ద్వీపం నుంచి ఇక్కడికి రాకపోకలున్నాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నీ వ్యాసంలో నది కదలడం మొదలుపెడుతుంది.

అమరావతి మళ్ళీ వెళ్తావుగా, శుక్రవారం మాత్రం వెళ్ళకు, అక్కడి మ్యూజియం సెలవు. పొద్దున్నే వెళ్తే ఎండ పక్కనుంచి పడి చెక్కడాలు తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అంతా తెల్లగా ఒక్కటే. ఈసారి మొత్తం అమరావతి రాయకు, ఒకే ఒక్క పలక తీసుకో, ఏది అన్నది నీ ఇష్టం, దాని గురించే రాసి పంపు. ఎంత పొడుగైనా పర్లేదు, నేను చదువుతాను.