గాలి లేచిన చెరువులో పొడుగు గెడతో పోటీ: బెండు ఒక్కచోట నిలవాలంటే ఏం మార్చుకోవాలి?

మీ ప్రశ్న: విశాఖ పక్క చెరువులో, ముక్కలుగా బిగించుకునే 13 మీటర్ల కార్బన్ గెడతో చేపలు పట్టే పోటీకి సాధన చేస్తున్నారు. పొద్దున్న బాగానే ఉంటోంది, పది దాటి గాలి లేచాక బెండు కొట్టుకుపోతోంది. చేప పొడుస్తోంది గానీ గాలానికి పడట్లేదు. బరువైన బెండు కొంటే సరిపోతుందా?

సరిపోదండి. ముందు మార్చాల్సింది దూరం. 13 మీటర్ల దగ్గర గెడ కొస గాలికి అర మీటరు దాకా ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ తంగూసు లాగుతుంది, అడుగున ఎర జరుగుతుంది. బంగారుతీగ, ఎర్రమోసు అడుగున మేత వెతుక్కునే చేపలు. జరిగిపోయే ఎరను మూతితో తాకి వదిలేస్తాయి. మీకు కనిపిస్తున్న పొడుపులు చాలావరకు అవే. గెడలో రెండు మూడు ముక్కలు తీసేసి 8, 9 మీటర్లకు వచ్చేయండి. దూరంగా ఎర ఊగుతూ ఉండటం కన్నా దగ్గర్లో కదలకుండా ఉండటమే పోటీ తూకంలో ఎక్కువ బరువు తెస్తుంది.

అయితే ఈ నిర్ణయం గాలి లేచాక తీసుకునేది కాదు. మన దగ్గర ఎండాకాలం నైరుతి గాలి మధ్యాహ్నానికి బలపడుతుందని తెలిసిందే కదా. కాబట్టి ఆట మొదట్లోనే 13 దగ్గరా, 8 దగ్గరా లోతు కొలిచి, రెండుచోట్లా మేత వేసి ఉంచండి. ఒక్క దూరానికే మేత వేసినవాళ్లు గాలి లేచాక మళ్లీ మొదటినుంచి చేపను పిలుచుకోవాలి, ఆ గంట తిరిగిరాదు.

ఇక బెండు ఎందుకు కొట్టుకుపోతుందో చూడండి. గాలి పైనీటిని ఎదుటి గట్టుకు తోస్తుంది. అక్కడ చేరిన నీరు అడుగునుంచి వెనక్కి తిరుగుతుంది. అంటే బెండు తల ఒక వైపుకి, కింద సీసం ఇంకో వైపుకి లాగబడుతున్నాయి. తంగూసు వదులుగా ఇచ్చి అర నిమిషం చూడండి. బెండు గాలికి ఎదురు నడిస్తే అడుగు ప్రవాహం బలంగా ఉన్నట్టు. అప్పుడు తేలిక సరంజామా దేనికీ పనికిరాదు.

రెండు మీటర్ల లోతుకి నిశ్చలంగా ఉన్నప్పుడు 0.2 గ్రాముల సీసం మోసే సన్నటి బెండు చాలు. గాలిలో 0.5 నుంచి 1 గ్రాము దాకా వెళ్లండి. ఒళ్లు గుండ్రంగా, కింద పుల్ల పొడుగ్గా ఉండాలి. పొడుగు పుల్ల పైనీటి పొరను దాటి కిందికి దిగి బెండును నిలబెడుతుంది. తల పుల్ల ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉంటేనే కెరటాల్లో కనిపిస్తుంది.

సీసం గుండ్లను తంగూసు పొడుగునా పరచకండి. ముప్పావు వంతు బరువు గాలానికి 50, 60 సెంటీమీటర్ల పైన ఒకే గుత్తిగా, దాని కింద రెండు చిన్న గుండ్లు. బెండు నుంచి గాలం దాకా తంగూసును లోతు కన్నా 10 సెంటీమీటర్లు ఎక్కువ పెట్టండి, ఎర నేల మీద పడుకుంటుంది. ఇంకా జరుగుతుంటే 15 చేసి, కింది గుండును కూడా నేలకు ఆనించండి. అంతకు మించితే పొడుపు ఆలస్యంగా తెలుస్తుంది, చేప ఎర ఉమ్మేశాక మీరు లాగుతారు.

గెడ కొసకూ బెండుకూ మధ్య తంగూసు సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. మరీ పొట్టిదైతే కొస ఊగినప్పుడల్లా బెండు లేస్తుంది. పొడుగైతే గాలి విల్లులా వంచి లాక్కుపోతుంది. 60 నుంచి 80 సెంటీమీటర్లు ఉంచి, బెండుకు జానెడు పైన ఒక చిన్న గుండు బిగించండి, తంగూసు నీళ్లలోకి దిగుతుంది. గెడ కొసను కూడా ఒక అడుగు నీళ్లలో ముంచి పట్టుకోండి. ఊపు బాగా తగ్గుతుంది. కుర్చీని గాలి వచ్చే వైపుకి కొంచెం తిప్పి కూర్చుంటే గెడకి పక్కనుంచి తగిలే దెబ్బ తగ్గి భుజాలు కూడా నిలుస్తాయి.

కెరటాల్లో పొడుపు గుర్తుపట్టడం ఇలా. కెరటం వచ్చినప్పుడు తల పుల్ల మునుగుతుంది, వెంటనే తేలుతుంది. ఆ లయ కంటికి అలవాటు కానివ్వండి. మునిగింది తర్వాతి కెరటానికి తేలకపోతే చేపే. పుల్ల మామూలు కన్నా పైకి లేచి నిలబడినా చేపే, గుండును నేల నుంచి ఎత్తింది. ముంజేతితో మెత్తగా, ఒక అడుగు ఎత్తితే చాలు.

మేత. తవుడు 1 కిలో, వేరుసెనగ చెక్క పొడి అర కిలో, జల్లించిన బంకమట్టి అర కిలో, మైదా 100 గ్రాములు. పొడి తవుడు తేలుతుంది, గాలికి కొట్టుకుపోయి వెంట చేపను కూడా తీసుకుపోతుంది. అందుకే తవుడు, చెక్క ముందురోజు రాత్రే తడిపి ఉంచండి, మట్టీ మైదా పొద్దున్న కలపండి. బకెట్ నీళ్లలో నిమ్మకాయంత ముద్ద వేసి చూడండి. చెదరకుండా అడుగుకి చేరి, రెండు మూడు నిమిషాల్లో విచ్చుకోవాలి. మొదట ఒక్కో చోట నాలుగు ముద్దలు, తర్వాత చేప పడినప్పుడల్లా గెడ కొసకి బిగించిన చిన్న కప్పుతో సరిగ్గా బెండు పక్కనే ఒక చెంచాడు. చేత్తో విసిరితే గాలిలో సగం చెదిరిపోతుంది. మేత ఎక్కువైతే చేప అడుగు వదిలి పైకి లేస్తుంది, తంగూసుకి తగులుతుంది, పక్కటెముకల్లో గాలం దిగుతుంది. అలాంటి దొంగపొడుపులు మొదలైతే పది నిమిషాలు మేత ఆపండి.

ఎరకి వానపాము ముక్క, ఉడికించిన మొక్కజొన్న గింజ మేలు. పిండి ఎరే కావాలంటే కాస్త దూది పోగులు కలిపి పిసకండి, ఊగులాటకి రాలదు. బొచ్చె పైనీటిలో తింటుంది, ఈ గాలిలో దాని వెంట పడొద్దు.

కిలో నుంచి మూడు కిలోల చేపకి గెడ కొస లోపల ఉండి చేప లాగితే సాగే ఎలాస్టిక్ 12, 14 నంబరు బోలుది, 0.18 మిల్లీమీటర్ల అసలు తంగూసు, 0.16 మిల్లీమీటర్ల గాలం తంగూసు, ముల్లు లేని 16 నంబరు గాలం. పిండి ఎరకైతే 14.

గెడలు విరిగేది చేప బరువుకి కాదు, వెనక్కి లాగేటప్పుడు. వెనక గెడ జారడానికి పెట్టుకునే రోలరు కింద రాళ్ల సంచీ కట్టండి, గెడను నేలకి వీలైనంత దగ్గరగా, తిన్నగా లాగండి. గరపనేల మీద పెట్టిన ముక్క మూతిలో ఒక్క ఇసుకరేణువు ఉన్నా అతుకు గీసుకుపోయి తర్వాత చీలుతుంది. తడిగుడ్డతో తుడవకుండా బిగించొద్దు. చేపలు ఉంచే వలసంచి అడుగున కూడా రాయి వేయండి, లేకపోతే కెరటాలకి మడతపడి చేపలు నలుగుతాయి.

సాధన చోటు గురించి కూడా. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ తాగునీటి జలాశయాలు, అనుమతి లేకుండా గాలం వేయకూడదు. ఊరి చెరువైతే వేలంపాటలో పాడుకున్నవాళ్లని అడగండి. ఎక్కడైనా సరే గెడ విప్పేముందు తలెత్తి కరెంటు తీగలు చూసుకోండి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలితో ఉరుము వినబడిందంటే, పోటీ ఇంకా నడుస్తున్నా గెడ కింద పెట్టి గట్టు దిగిపోండి.